'అందరికెల్లా' అంటే ఎందరికెల్లా?

ఇబ్రహీంపట్నం, జగిత్యాల జిల్లా

పదో తరగతి ఇంగ్లిషు గైడ్లు, బిట్ బ్యాంకులు, మోడల్ పేపర్లు తయారుచేసే పెద్దలకు, వాటిని చేతపట్టి పాఠం చెప్పే, పేపర్లు దిద్దే ఉపాధ్యాయులకు



ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక తరగతి గది. బోర్డు మీద ఒక వాక్యం: 'గోదావరి ఈజ్ ద లాంగెస్ట్ రివర్.' దాన్ని పాజిటివ్ డిగ్రీలోకి మార్చాలి. పిల్లల చేతుల్లో ఉన్న గైడ్‌లో జవాబు సిద్ధంగా ఉంది: 'నో అదర్ రివర్ ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ గోదావరి.' అందరూ అచ్చు గుద్దినట్టు అదే దింపుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మరి గంగ ఇంకా పొడుగు కాదా?" క్లాసు గొల్లుమంది. ఈ వైపు ఊళ్లలో గోదావరినే గంగ అంటారు మరి. ధర్మపురికి పోయి మునిగొస్తే గంగస్నానం చేసొచ్చినట్టే. ఆ పిల్ల అడిగింది మాత్రం కాశీలో పారే గంగ గురించి. జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: "అది సోషల్ సార్‌ను అడుగు. ఇక్కడ మార్కు రావాలంటే ఇట్లనే రాయాలె."

ఆ ఒక్క ముక్క కోసమే ఈ లేఖ.

పెద్దలారా, ఆ అమ్మాయి అడిగిందాంట్లో తప్పేముంది? గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. గంగ పొడవు 2,525. వాక్యం చివర 'ఇన్ సౌత్ ఇండియా' అని మూడు మాటలు చేర్చితే అది నిజం. తీసేస్తే అబద్ధం. 'ఇన్ ఇండియా' అని రాస్తే గోదావరి రెండో స్థానానికి దిగుతుంది. నది కదల్లేదు, ఒక్క పాయ ఎండిపోలేదు. దాన్ని ఏ నదుల పక్కన నిలబెట్టి కొలుస్తున్నామన్నదే మారింది. బ్రహ్మపుత్రను చూడండి. టిబెట్‌లో పుట్టినచోటి నుంచి సముద్రం దాకా కొలిస్తే గంగకన్నా పొడుగు. మన దేశంలో పారే 916 కిలోమీటర్లే లెక్కలోకి తీసుకుంటే గోదావరికన్నా పొట్టి. సూపర్లేటివ్ డిగ్రీ పాఠం మొత్తం ఇందులోనే ఉంది. ఎవరిలో? ఏ కొలతతో? ఎప్పటికి? ఈ మూడింటికి జవాబు లేని 'ఈఎస్‌టీ' ఉత్త కేక.

ఇంత పాఠాన్ని మీరు మూడు గళ్ల పట్టికగా కుదించారు. 'నో అదర్' కనబడితే 'యాజ్' రెండుసార్లు. 'దెన్ ఎనీ అదర్' కనబడితే 'ఈఆర్'. 'ద' ఉంటే 'ఈఎస్‌టీ'. 'వన్ ఆఫ్ ద'కు జోడీ 'వెరీ ఫ్యూ', దాని పక్కన 'మోస్ట్ అదర్'. పిల్లలు దీన్ని ఎక్కంలా వల్లించగలరు. వాక్యంలో ఏముందో చదవకుండానే మార్చగలరు. గోదావరి బదులు బొగ్గు అని రాసిచ్చినా మార్చేస్తారు, మార్కూ వస్తుంది.

'అదర్' అన్న మాటనే తీసుకోండి. అది రాయకపోతే మార్కు కోస్తారు. మంచిదే, కోయాలి. ఎందుకు కోశారో మాత్రం ఎన్ని తరగతుల్లో చెబుతున్నారు? 'ఎవరెస్ట్ ఈజ్ హయ్యర్ దెన్ ఎనీ పీక్' అని పిల్లవాడు రాశాడనుకుందాం. ఎవరెస్ట్ కూడా ఒక శిఖరమే కాబట్టి, అది తనకన్నా తానే ఎత్తుగా ఉందని చెప్పినట్టవుతుంది. 'అదర్' వచ్చి ఎవరెస్ట్‌ను ఆ గుంపులోంచి పక్కకు తీసి నిలబెడుతుంది. ముగ్గురు పిల్లలను బోర్డు ముందు నిలబెట్టి, పొడుగు పిల్లను ఒక అడుగు ముందుకు రమ్మంటే ఐదు నిమిషాల్లో అర్థమయ్యే సంగతి ఇది. ఇద్దరినే నిలబెడితే ఇంగ్లిషులో 'టాలెస్ట్' అనడం సరికాదని, 'టాలర్ ఆఫ్ ద టూ' అనాలని కూడా అక్కడే చెప్పొచ్చు. ఐదు నిమిషాలు లేవా?

'వన్ ఆఫ్ ద'తో తిప్పలు ఇంకా ఎక్కువ. 'హైదరాబాద్ ఈజ్ వన్ ఆఫ్ ద బిగ్గెస్ట్ సిటీస్ ఇన్ ఇండియా' అనే వాక్యం లేని గైడ్ ఉండదేమో. 'సిటీస్' అని బహువచనం రాయాలని మీరు గట్టిగా నేర్పుతారు. ఆ 'వన్' ఎన్నింటిలో ఒకటి? నాలుగింటిలోనా, నలభైలోనా? 2011 జనాభా లెక్కల్లో నగర పాలక సంస్థ హద్దుల్లోని జనాన్ని లెక్కిస్తే హైదరాబాద్ దేశంలో 4వది. చుట్టూ కలిసిపోయిన పట్టణ ప్రాంతమంతా కలిపి లెక్కిస్తే 6వది. రెండూ ప్రభుత్వ లెక్కలే, ఒకే ఏడాదివి. పిల్లలకు ఈ రెండు అంకెలు ఇచ్చి, ఏ వాక్యం ఎప్పుడు నిజమో రాయమంటే ఇంగ్లిషూ వస్తుంది, లోకజ్ఞానమూ వస్తుంది.

హద్దు చెప్పి పోల్చడం పిల్లలకు కొత్త విద్యేమీ కాదు. తెలుగులో 'ఈఎస్‌టీ' లాంటి తోక లేదు. అందుకే తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరితో పోలుస్తున్నారో చెప్పి తీరాలి. 'ఊర్లోకెల్లా పెద్ద ఇల్లు', 'అందరికెల్లా పొడుగు', 'అన్నిట్ల మంచిది' అంటారు. ఆ 'కెల్లా'లో ఉన్నది 'ఎల్ల', అంటే మొత్తం. మొత్తం ఎవరో ముందు చెప్పకుండా ఈ మాట నోట రాదు. పొలం గట్టు మీద 'మా ఎద్దు పెద్దది' అంటే ఎవరూ పట్టించుకోరు. 'మండలంలకెల్లా పెద్దది' అనగానే పక్క ఊరి రైతు 'ఎవడు చూసిండు, అంగడికి తోలుకరా' అంటాడు. మాట మాటలోనే రుజువు అడిగే భాష పిల్లల నోట్లో ఉంది. ఇంగ్లిషులో 'ద బిగ్గెస్ట్' అని ఆగిపోవచ్చు, ఆ వెసులుబాటు దగ్గరే మోసం జరుగుతుంది. పత్రికల తెలుగులో స్థిరపడిన 'అతిపెద్ద', 'అత్యంత' అనే మాటలు ఆ వెసులుబాటును మన భాషలోకి కూడా తెచ్చిపెట్టాయి. ఇంటి తెలుగు ఈ విషయంలో పత్రికల తెలుగుకన్నా నిక్కచ్చి.

మరో సంగతి. తెలుగు మీడియం పిల్లలు ఐదారు తరగతుల్లోనే క.సా.గు., గ.సా.భా. లెక్కలు చేస్తారు. కనిష్ఠ సామాన్య గుణిజం, గరిష్ఠ సామాన్య భాజకం. అవి రెండూ సూపర్లేటివ్‌లే. ఏ సంఖ్యల మధ్య కనిష్ఠమో, ఏ సంఖ్యలకు గరిష్ఠమో తెలియకుండా లెక్కే మొదలుకాదు. వేసవిలో రోజూ జగిత్యాల జిల్లా గరిష్ఠ ఉష్ణోగ్రత పత్రికలో చదువుతారు. సంస్కృతంలోని ఆ 'ఇష్ఠ', ఇంగ్లిషులోని ఈ 'ఈఎస్‌టీ' ఒకే మూలం నుంచి వచ్చిన ప్రత్యయాలని భాషాశాస్త్రం ఎన్నడో తేల్చింది. జ్యేష్ఠ, శ్రేష్ఠ, బలిష్ఠ అన్న మాటలకు 'బెస్ట్', 'స్ట్రాంగెస్ట్' దూరపు చుట్టాలు. మెట్‌పల్లి బస్టాండులో 'ఫస్ట్ బస్సు', 'నెక్స్ట్ బస్సు', 'లాస్ట్ బస్సు' అని అడిగే ముసలమ్మ మూడు పాత సూపర్లేటివ్‌లు వాడుతోంది. 'ఫస్ట్' అంటే అన్నిటికన్నా ముందున్నది, 'నెక్స్ట్' అన్నిటికన్నా దగ్గరున్నది, 'లాస్ట్' అన్నిటికన్నా ఆలస్యమైనది. వ్యాకరణం గైడ్‌లో పుట్టలేదని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఏముంది?

ఈ గోడు ఇప్పుడే ఎందుకంటే, ఇంగ్లిషు ఇప్పుడు ఒక సబ్జెక్టు మాత్రమే కాదు. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లిషు మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. సైన్సు, లెక్కలు, సోషల్ అన్నీ ఆ భాషలోనే అర్థం చేసుకోవాల్సిన పిల్లలు వీళ్లు. బీడీలు చుట్టే తల్లి, గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఇంట్లో ఇంగ్లిషు చెప్పలేరు. మీ గైడే వాళ్లకు ట్యూషన్ మాస్టరు. ఆ బాధ్యత చిన్నదా?

ఈ పిల్లలు బడి గేటు దాటగానే ఎదురయ్యేవన్నీ సూపర్లేటివ్‌లే. మల్లాపూర్ మండలం ముత్యంపేటకు వెళితే మూతపడ్డ చక్కెర కర్మాగారం కనిపిస్తుంది. అదే సంస్థకు బోధన్‌లో ఉన్న పెద్ద ఫ్యాక్టరీ ఒకప్పుడు 'ఆసియాలోకెల్లా పెద్దది' అని పేరు మోసింది. ఆ మాట చెప్పుకోని ముసలివాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడింటికీ ఒకేసారి లే ఆఫ్ ప్రకటించారు. చెరుకు రైతులు పంట మార్చుకున్నారు, కార్మికులు వీధిన పడ్డారు. పేరు మాత్రం ఇంకా ఉంది. 'ఎప్పటికి?' అని అడగడం ఎందుకు నేర్పాలో ఆ గేటుకు వేలాడే తాళం చెబుతుంది.

ఇంకొంచెం తూర్పుకు పోతే కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్. భూగర్భంలో కట్టిన పంపుహౌస్. ఒక్కో మోటారు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. ఇవి కొలిచిన అంకెలు, ఇంజినీర్లు గర్వపడదగ్గవి. అది భాగమైన కాళేశ్వరం పథకాన్ని 2019 జూన్ 21న ప్రారంభించినప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద బహుళ దశల ఎత్తిపోతల పథకమని చెప్పారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. 'అతిపెద్ద' అన్న మాట పరిమాణం గురించే చెబుతుంది. గట్టిదనం గురించి, ఖర్చు గురించి, పొలానికి చేరే నీటి గురించి అందులో ఒక్క అక్షరం లేదు. ఆ మాట విన్న జనం మాత్రం పెద్దది కాబట్టి గట్టిదే అనుకున్నారు. ఏ పార్టీని మెచ్చుకోవడానికో, తిట్టడానికో ఈ ఉదాహరణ ఎత్తలేదు. పదహారేళ్ల పిల్ల రెండేళ్లలో ఓటరవుతుంది. 'ఏ కొలతలో పెద్దది?' అని అడగడం ఆమెకు ఎవరు నేర్పుతారు?

అంబేడ్కర్ విగ్రహాల సంగతి ఇంకా చక్కటి పాఠం. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. పీఠం 50 అడుగులు, మొత్తం 175. దేశంలోనే ఎత్తైన అంబేడ్కర్ విగ్రహం అన్నారు, ఆనాటికి అది నిజం. 2024 జనవరి 19న విజయవాడలో మరొకటి ఆవిష్కరించారు. విగ్రహం మళ్లీ 125 అడుగులే. పీఠం 81, మొత్తం 206. ఇప్పుడు 'టాలెస్ట్' ఏది? పీఠంతో కొలిస్తే విజయవాడది. విగ్రహాన్నే కొలిస్తే రెండూ సమానం, అప్పుడు 'టాలెస్ట్' అన్న మాటే చెల్లదు, 'యాజ్ టాల్ యాజ్' అనాలి. మూడు డిగ్రీలూ ఒక్క ఉదాహరణలో ఒదిగిపోయాయి. తెలుగువాళ్లందరికీ తెలిసిన సంగతి. ఏ గైడ్‌లోనైనా చేర్చవచ్చు కదా?

ఇక కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రిక మొదటి పేజీ నిండా ఒకటి, ఒకటి, ఒకటి. ఏ పరీక్షలో, ఏ విభాగంలో, ఎంతమందిలో అన్నది భూతద్దం పెట్టి వెతకాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 2024 నవంబరు 13న కోచింగ్ సెంటర్ల కోసం విడిగా మరికొన్ని ఇచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలం చదివాడో చెప్పాలని, ఫలితం వచ్చాక అతని అనుమతి తీసుకున్నాకే ఫొటో వాడాలని అందులో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జరిమానా 10 లక్షల దాకా, తప్పు మళ్లీ చేస్తే 50 లక్షల దాకా పడవచ్చు. ఒక హోటలువాడు 'మా ఛాయ్ లోకంలకెల్లా రుచి' అంటే ఏ చట్టమూ పట్టుకోదు, పట్టుకోనక్కర్లేదు. రుచికి కొలబద్ద లేదని తాగేవాడికి తెలుసు. కొలవగలిగిన దాని గురించి కొలవకుండా చెప్పడమే తప్పు. ఆ తేడా చెప్పాల్సింది ఇంగ్లిషు క్లాసులో కాకపోతే ఇంకెక్కడ? మీ గైడ్ల అట్టల మీద కూడా 'నంబర్ వన్' అని ఉంటోంది. ఎవరు కొలిచారు? ఎన్ని గైడ్లలో?

ఈ ప్రాంతంలో ఇది జీతంబత్తెం దాకా వచ్చే సమస్య. జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలోంచి దుబాయికీ మస్కట్‌కూ పోయేవాళ్ల చేతికి ఏజెంటు ఇచ్చే కాగితం మీద 'బెస్ట్ కంపెనీ', 'హయ్యెస్ట్ శాలరీ' అని ఉంటుంది. జీతం అంకె ఉండదు. ఆ కాగితం చదివేది ఎక్కువగా ఇంట్లోని పదో తరగతి పిల్లే. 'హయ్యెస్ట్ అంటే ఎంత? దేంట్ల హయ్యెస్ట్?' అని ఆ పిల్ల అడిగితే ఒక కుటుంబం అప్పులపాలు కాకుండా ఆగవచ్చు. అదే దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఉంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడమని దాన్ని ఎవరైనా ధీమాగా అనవచ్చు, కొలిచి చెప్పిన మాట కాబట్టి.

హద్దు చెబితే గొప్ప తగ్గుతుందని కొందరికి భయం. పక్క జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్లల్లోకెల్లా చిన్నది. 'ఆడపిల్లల్లో' అన్న మాట అక్కడ ఉండాలి, ఎందుకంటే 2010లో అమెరికా అబ్బాయి జోర్డాన్ రొమెరో 13 ఏళ్ల 10 నెలల వయసులో ఎక్కాడు. ఆ ఒక్క మాట చేర్చినందుకు పూర్ణ ఎక్కిన ఎత్తు ఒక్క అంగుళమైనా తగ్గిందా? తగ్గకపోగా, ఎవరూ వేలెత్తి చూపలేని మాటగా నిలిచింది. గురుకులంలో చదివిన పిల్ల సాధించిన ఘనత అది. ఆమె పేరు మీద ఒక్క ప్రశ్న వేయండి, పిల్లలు రెండు చేతులా రాస్తారు.

సిరిసిల్ల నేతన్న నల్ల పరంధాములు ఇంకో దారి చూపారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఆయన కొడుకు విజయ్ కూడా ఆ విద్యను నిలబెట్టారు. 'ప్రపంచంలోనే అతి పలుచనిది' అని ఎవరైనా అంటే వాదన వస్తుంది, కొలవమంటారు. చీర మడిచి, అగ్గిపెట్టె తెరిచి, లోపల పెట్టి, మూస్తే వాదన ఉండదు. 'ఈఎస్‌టీ' వాడకుండా గొప్పతనం చెప్పడం ఎలాగో ఆ అగ్గిపెట్టెను మించి నేర్పే వ్యాకరణ పుస్తకం దొరకదు. పిల్లలను అలాంటి వాక్యాలు కూడా రాయమనవచ్చు.

గిన్నిస్ రికార్డుల పుస్తకం పుట్టిందే ఒక తేలని వాదన వల్ల. 1951లో ఐర్లండ్‌లో వేటకు వెళ్లిన సర్ హ్యూ బీవర్, ఏ వేటపక్షి అన్నిటికన్నా వేగంగా ఎగురుతుందో తేల్చే పుస్తకం దొరక్క, అలాంటిదొకటి ఉండాలనుకున్నాడు. 1955లో తొలి పుస్తకం వచ్చింది. పిల్లలకు వాదన పెట్టుకునే హక్కు ఇస్తేనే ఇలాంటివి పుడతాయి. ఆ వెనక బెంచీ అమ్మాయిని కూర్చోబెట్టేస్తే పుట్టవు.

మిమ్మల్ని కోరేది పెద్ద మార్పేమీ కాదు. పట్టిక ఉండనివ్వండి, పరీక్షకు అది అవసరమే. ప్రతి సూపర్లేటివ్ వాక్యంలో 'ఇన్' తర్వాతో, 'ఆఫ్' తర్వాతో హద్దు రాయండి. అబద్ధపు వాక్యాలను వచ్చే ముద్రణలోనే తీసేయండి. పది మార్పిడి ప్రశ్నల్లో రెండు తగ్గించి, ఆ చోట ఒక ప్రకటనో, ఒక వార్తా శీర్షికో ఇచ్చి 'ఇది ఎవరిలో, ఏ కొలతతో, ఎప్పటికి నిజం?' అని అడగండి. 'ద మోస్ట్ బ్యూటిఫుల్'కూ, 'ఎ మోస్ట్ బ్యూటిఫుల్'కూ తేడా చెప్పండి. మొదటిది పోటీలో గెలిచినది, రెండోది 'చాలా అందమైనది' అని మాత్రమే. 'మోస్ట్ యూనిక్' అని రాసిన పిల్లవాడికి ఎర్ర గీత గీసి ఊరుకోకుండా, ఒకే ఒక్కటిగా ఉన్నదాన్ని దేనితో పోలుస్తావని అడగండి. 'మోస్ట్ బెస్ట్' అన్నందుకు నవ్వకండి. షేక్‌స్పియరే 'జూలియస్ సీజర్'లో ఇలాంటి జంట సూపర్లేటివ్ వాడాడని చెప్పి, ఇప్పటి ఇంగ్లిషులో అది ఎందుకు చెల్లదో చెప్పండి. దిద్దే ఉపాధ్యాయులకు ఇంకొక్క మనవి. గైడ్‌లోని జవాబు పక్కన 'సార్, గంగ ఇంకా పొడుగు' అని ఏ పిల్లయినా రాసి ఉంటే, దాన్ని కొట్టేయకండి.

మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది, వచ్చే మోడల్ పేపర్‌లో వాడుకోవడానికి: గోదావరి 1,465 కి.మీ., గంగ 2,525 కి.మీ., కృష్ణ సుమారు 1,400 కి.మీ. ఈ మూడు నదుల మీద రెండు సూపర్లేటివ్ వాక్యాలు రాయండి, రెండూ నిజం కావాలి. మూడోది అబద్ధమయ్యేలా రాసి, ఏ మాట తీసేయడం వల్ల అది అబద్ధమైందో చెప్పండి. నాలుగు మార్కులు.

ఇట్లు
ఇబ్రహీంపట్నం మండలవాసి